పల్నాటి ముఖాలకు ఏ ఫిల్ము?

పిడుగురాళ్ల పేరు చెబితే ఈ ప్రాంతంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సున్నం. నేల కింద సున్నపురాయి, దాన్ని కాల్చే బట్టీలు, పొడి కొట్టే ముగ్గు మిల్లులు, ఆ పొడి పడి తెల్లబారిన చెట్లు, లారీలు, మనుషులు. ఊరు దాటి ఏ దారి పట్టినా నల్లరేగడి చేలే. పత్తి, ఆ తర్వాత ఎండలు ముదిరేదాకా మిరపకోతలు. తెల్లటి దుమ్ములో పనిచేసే ముఖాలు, ఎర్రటి కళ్లాల మధ్య పనిచేసే ముఖాలు ఇక్కడ పది కిలోమీటర్ల తేడాలో కనబడతాయి. ఈ ముఖాలను ఫిల్ము మీద తీసి దాచాలని పాత కెమెరాలు బయటికి తీస్తున్న యువతీయువకులు ఈమధ్య మళ్లీ కనిపిస్తున్నారు. వాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ సైజు ఫిల్ము వాడాలి? మామూలు 35 ఎం.ఎం. రీలా, వెడల్పాటి 120 రోలా, ఒక్కొక్కటిగా పెట్టి తీసే పెద్ద షీటా? దీనికి వచ్చే జవాబులన్నీ నెగటివ్ చుట్టూ తిరుగుతాయి. ఎంత పెద్దదైతే అంత స్పష్టత, ఎంత చిన్నదైతే అంత వేగం అంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ మనుషుల్ని తీసేటప్పుడు ఆ లెక్క సగమే. ఫిల్ము సైజు ఎంచుకున్నప్పుడే, ఎదుటి మనిషి సమయం ఎంత తీసుకుంటామో, ఆ బొమ్మలో అతను ఎలా నిలబడాలన్నది ఎవరి ఇష్టానికి వదులుతామో కూడా తేలిపోతుంది. అందుకని ఈ ఎంపికను కూలిమనిషి వైపు నుంచి మొదలుపెట్టాలని నా వాదన. అలా మొదలుపెడితే పల్నాడులో 120 రోలు మీద చదరపు బొమ్మ తీసే రెండు కళ్ల కెమెరా, అంటే ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్, మిగతావాటికంటే ముందు నిలుస్తుంది.

ముందుగా కొలతలు చెప్పుకుందాం. 35 ఎం.ఎం. రీలులో ఒక్కో బొమ్మ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరా 1925లో మార్కెట్లోకి వచ్చాక ఈ కొలత ప్రపంచమంతా పాకింది. ఒక రీలులో 36 బొమ్మలు. 120 రోలు మీద చదరపు బొమ్మను ఆరు బై ఆరు అంటాం గానీ నిజానికి అది ఒక్కో పక్క 56 మిల్లీమీటర్లు. రోలుకు 12 బొమ్మలు. విస్తీర్ణంలో ఇది 35 ఎం.ఎం. బొమ్మకు మూడున్నర రెట్లకు పైనే. ఇక నాలుగు బై అయిదు అంగుళాల షీటు ఒక్కసారికి ఒకే బొమ్మ. 40 సెంటీమీటర్ల వెడల్పున్న ప్రింటు గోడకు పెట్టాలంటే, నిలువుగా తీసిన 35 ఎం.ఎం. నెగటివ్‌ను దాదాపు 17 రెట్లు పెద్దది చేయాలి, చదరపు నెగటివ్‌ను ఏడు రెట్లు, షీటునైతే నాలుగు రెట్లకు కాస్త ఎక్కువ. పెద్దది చేసే కొద్దీ ఫిల్ములోని వెండి రేణువులు బయటపడతాయి, వెలుగునీడల మధ్య ఉండే సన్నటి మెట్లు విరిగిపోతాయి, నెగటివ్ మీద పడ్డ చిన్న నలుసు కూడా ప్రింటు మీద మచ్చగా మారుతుంది.

ఈ చివరి రెండు సంగతులూ పిడుగురాళ్లలో మరెక్కడికన్నా ఎక్కువగా పనిచేస్తాయి. బట్టీల్లో సున్నపురాయిని, బొగ్గును పొరలుపొరలుగా పేర్చి సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రాయిలోని బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. దానికి చెమట తగిలితే వేడి పుట్టి చర్మం మండుతుంది. అందుకే అక్కడ పనిచేసేవాళ్లు తలకూ నోటికీ తువ్వాలు చుట్టుకుంటారు, బయటికి కనిపించేది కళ్లూ నుదురూ మాత్రమే. ఇప్పుడు ఫొటో లెక్క చూడండి. వెనక తెల్లటి గుట్ట, పైన ఎండ, ముందు చామనచాయ లేదా నల్లటి నుదురు, దాని మీద అక్కడక్కడ తెల్లటి పొడి. కెమెరాలోని లైట్ మీటరు తన ముందున్నదంతా ఒక నడిమి బూడిదరంగు అనుకుని లెక్కగడుతుంది. తెల్లటి గుట్టను చూసి వెలుగు ఎక్కువైపోయిందనుకుని తగ్గిస్తుంది. గుట్ట బూడిదరంగులోకి వస్తుంది, మనిషి ముఖం నల్లటి ముద్దవుతుంది. దీనికి విరుగుడు తెలిసిందే. మీటరును గుట్ట వైపు కాక ముఖం దగ్గర పట్టాలి, లేదా ముఖం మీద పడే వెలుగునే కొలిచే మీటరు వాడాలి. అయితే సరిగ్గా కొలిచాక కూడా నుదుటి మీది చెమట మెరుపుకూ, కంటి కింద ముడతలో ఉన్న నీడకూ మధ్య ఉన్న నాలుగైదు మెట్లను ప్రింటు మీదికి తేవాలి. మనిషి చర్మం చర్మంలా కనబడేది ఆ మెట్లలోనే. 17 రెట్లు పెంచిన నెగటివ్‌లో అవి గరుకుగా చీలిపోతాయి. ఏడు రెట్లు పెంచినదాంట్లో నిలుస్తాయి. నల్లని చర్మాన్ని సరిగ్గా చూపించడం ఫొటోగ్రఫీ చరిత్రలో చాలాకాలం పట్టించుకోని విషయం. కలర్ ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కోడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన నమూనా కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ ముఖమే ఉండేది. మన ముఖాలకు మనమే జాగ్రత్త పడాలి.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మును ఇంట్లోనే కడుక్కోవచ్చు, కానీ డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకాలన్నీ చెబుతాయి. ఏప్రిల్‌లో మిద్దెమీది ట్యాంకు నీళ్లు అంతకు ఎంతో మించి కాగి ఉంటాయి. అంత వేడికి ఫిల్ము మీది జెలటిన్ పూత మెత్తబడి, గోరు తగిలితే గీత పడుతుంది. డెవలపర్ డబ్బాను మంచునీళ్ల గిన్నెలో పెట్టి చల్లార్చుకోవడం తప్ప వేరే దారి లేదు. పైగా సున్నపురాయి నేల మీది నీళ్లు చవుడు నీళ్లు, ఆరాక తెల్లటి చుక్కలు మిగుల్చుతాయి. చివరి కడుగుకైనా డిస్టిల్డ్ వాటర్ వాడుకోవాలి. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని చుక్కలు మిగులుతాయి. ఆ మిగిలినవి పెద్ద నెగటివ్‌లో చిన్నగా ఉంటాయి, చిన్న నెగటివ్‌లో పెద్దవవుతాయి.

ఇంతవరకూ చెప్పింది విని, అయితే అన్నిటికన్నా పెద్దదైన షీట్ ఫిల్మే తీసుకుంటే పోలేదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. ముఖచిత్రాల చరిత్రలో గొప్ప పనుల్లో చాలా భాగం పెద్ద కెమెరాలదే. జర్మనీలో ఆగస్ట్ జాండర్ రైతులు, ఇటుకలు మోసే కూలీలు, వంటవాళ్లు, న్యాయవాదులు అందరినీ అదే పెద్ద కెమెరా ముందు, అదే గౌరవంతో నిలబెట్టాడు. 1929లో వచ్చిన ఆయన పుస్తకంలో 60 ముఖాలున్నాయి. నాజీ ప్రభుత్వం 1936లో ఆ పుస్తకం అచ్చు పలకలను నాశనం చేయించింది. కూలివాడు ఎవరి ముందూ చిన్నబోకుండా నిలబడిన బొమ్మలకు అధికారం ఎలా భయపడుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. అమెరికాలో రిచర్డ్ అవెడన్ 1979 నుంచి 1984 దాకా పశ్చిమ రాష్ట్రాల్లో గని కార్మికులను, లారీ డ్రైవర్లను, పశువుల కాపరులను ఎనిమిది బై పది అంగుళాల కెమెరాతో, వెనక తెల్లకాగితం కట్టి తీశాడు. పెద్ద కెమెరాలో ఫిల్ము పెట్టాక వెనక అద్దంలో ఏమీ కనబడదు. ఫొటో తీసేవాడు పక్కకు వచ్చి నిలబడి, ఎదుటి మనిషి కళ్లలోకి నేరుగా చూస్తూ బొమ్మ తీయాలి. మధ్యలో యంత్రం అడ్డం ఉండదు. అందులో ఉన్న నిజాయితీని నేను తక్కువ చేయను.

కానీ అవెడన్ లెక్కలు ఇంకో మాట కూడా చెబుతాయి. ఆ అయిదేళ్లలో ఆయన తీసింది 752 మందిని. అందుకు వాడిన షీట్లు సుమారు 17 వేలు. మనిషికి 22 దాకా. ఆ కెమెరాను మోయడానికి, షీట్లు మార్చడానికి సహాయకులున్నారు, ఒక మ్యూజియం డబ్బు పెట్టింది. మనిషిని ఎండ నుంచి నీడకు తెచ్చి, కాగితం ముందు నిలబెట్టి, ఒక్కో షీటూ మార్చుకుంటూ పోతే ఎంతసేపు పడుతుందో ఊహించండి. ఇప్పుడు ఆ కెమెరాను మిరపచేలోకి తెద్దాం. కాయ కోసేవాళ్లలో చాలామంది కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే కోతల వలసకు, వచ్చినవాళ్లు. చేల దగ్గరే గుడారాలు వేసుకుని, పిల్లల్నీ వెంటపెట్టుకుని ఉంటారు. కోసిన కాయ తూకాన్ని బట్టి కూలి వచ్చే చోట అరగంట నిలబెడితే ఆ అరగంట కూలి పోయినట్టే. రోజుకూలి ఉన్నచోట మేస్త్రీ మాట పడాలి. మనకు చక్కటి నెగటివ్ దక్కుతుంది, దానికి ఖరీదు కట్టేది కాయ కోసే ఆమె. డబ్బిచ్చి ఆ నష్టం పూడ్చవచ్చు కదా అంటే, పూడ్చవచ్చు, పూడ్చాలి కూడా. అయితే డబ్బు చేతికి వచ్చిన క్షణం నుంచి ఆమె మన కూలిమనిషి అవుతుంది. మనం ఎలా నిలబడమంటే అలా నిలబడుతుంది. ముఖచిత్రంలో మనకు కావలసింది సరిగ్గా దానికి ఎదురైనది.

పెద్ద కెమెరా తనంతట తానే గౌరవం తెస్తుందన్న నమ్మకాన్ని మన చరిత్రే కొట్టేస్తుంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పట్టిన మహాకరువులో, కర్నూలు, బళ్లారి వైపు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కాలంలో, సైన్యాధికారి విల్లోబీ వాలెస్ హూపర్ బక్కచిక్కిన కుటుంబాలను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. నాటి కెమెరాల ముందు మనుషులు కదలకుండా ఉండాలి. ఎముకల గూడు మిగిలిన మనుషులు, ఒళ్లో బిడ్డలు, బొమ్మకు అనువుగా సర్దిన గుంపు. ఆ ఫొటోలు లేకపోతే ఆ కరువు ముఖం మనకు తెలిసేది కాదు. అదే సమయంలో, వాటిలో ఉన్నవాళ్లకు ఎలా కూర్చోవాలన్న మాట కూడా దక్కలేదని చూడగానే తెలుస్తుంది. నెగటివ్ పెద్దదే, అందులోని మనిషి మాట మాత్రం చాలా చిన్నది.

పత్తిచేల మాట వస్తే 1936 గుర్తుచేసుకోవాలి. ఆ ఏడు వేసవిలో వాకర్ ఎవాన్స్ అమెరికాలోని అలబామా రాష్ట్రం హేల్ కౌంటీకి వెళ్లి, పత్తి పండించే కౌలురైతుల కుటుంబాలను ఎనిమిది బై పది అంగుళాల కెమెరాతో తీశాడు. మనకు ఇది దూరపు కథ కాదు. కౌలుకు తీసుకున్న నేల, అప్పు మీద తెచ్చిన విత్తనం, ధర పడిపోయిన పత్తి, ఇవన్నీ పల్నాటి కౌలురైతుకు తెలిసినవే. ఇంటి చెక్క గోడ ముందు నిలబడ్డ ఒక కౌలురైతు భార్య ముఖాన్ని ఎవాన్స్ దగ్గరగా తీసిన ఫొటో ప్రపంచ ప్రసిద్ధమైంది. ఆమె పెదవి బిగింపు, గోడ చెక్కల్లోని గీతలు, అన్నీ ఆ పెద్ద నెగటివ్ వల్లే అంత స్పష్టంగా వచ్చాయి. అదే ఎవాన్స్ రెండేళ్ల తర్వాత న్యూయార్క్ భూగర్భ రైళ్లలో ప్రయాణికుల ముఖాలు తీయడానికి 35 ఎం.ఎం. కెమెరాను కోటు కింద దాచుకుని వెళ్లాడు. పెద్ద కెమెరాతో అడిగి తీశాడు, చిన్న కెమెరాతో దొంగచాటుగా తీశాడు. ఒకే మనిషి, ఒకే కన్ను. మనిషికీ మనిషికీ మధ్య ఒప్పందాన్ని కెమెరా ఎంతగా మారుస్తుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

దీనికి అడ్డు చెప్పేవాళ్లు డొరోథియా లాంజ్ పేరెత్తుతారు. అదే 1936 మార్చిలో కాలిఫోర్నియా బఠాణీ తోటల పక్కన, వలసకూలీ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్‌ను ఆమె పిల్లలతో సహా లాంజ్ తీసింది. కెమెరా నాలుగు బై అయిదు గ్రాఫ్లెక్స్, పెద్ద ఫిల్మే. పది నిమిషాల్లో కొద్ది బొమ్మలు తీసుకుని, పేరైనా అడగకుండా వెళ్లిపోయింది. ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. ఫొటో వల్ల తనకు ఏమీ దక్కలేదని ఆ తల్లి నాలుగు దశాబ్దాల తర్వాత పత్రికలవాళ్లకు బాధపడుతూ చెప్పింది. హేల్ కౌంటీ కుటుంబాల వారసుల్లోనూ అలాంటి బాధే మిగిలింది. కాబట్టి ఫిల్ము సైజుకూ గౌరవానికీ సంబంధమే లేదంటారా? అంత దూరం వెళ్లనక్కర్లేదు. కెమెరా మన బుద్ధిని మార్చదు. కానీ మంచి బుద్ధి ఉన్నవాడికి పని సులువు చేస్తుందా, కష్టం చేస్తుందా అన్న తేడా మాత్రం దానిలో ఉంటుంది. ఎంపికకు విలువ ఉన్నది ఆ తేడాలోనే.

ఇక 35 ఎం.ఎం. పక్షాన నిలబడేవాళ్ల వాదన మరింత బలమైనది. పనిని పనిగా చూపించింది ఆ చిన్న కెమెరానే. సెబాస్టియావో సాల్గాడో తన లైకాలతో బ్రెజిల్ బంగారు గనుల దగ్గర్నుంచి ధన్‌బాద్ బొగ్గుగనుల దాకా తిరిగి 1993లో కార్మికుల మీద తెచ్చిన పుస్తకం చూసినవాళ్లెవరూ రేణువులు కనబడుతున్నాయని ఫిర్యాదు చేయరు. స్టీవ్ మెక్‌కరీ 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో తీసిన అఫ్గాన్ బాలిక ముఖం కూడా 35 ఎం.ఎం. ఫిల్ము మీదిదే. మరి చిన్న ఫిల్ము ముఖచిత్రానికి చాలదని ఎలా అనగలం? చాలదని నేను అనను. బట్టీ పైకి రాయి మోసేటప్పుడు, మిరపకాయల బస్తా భుజానికెత్తేటప్పుడు ఆ కెమెరాను మించింది లేదు. అయితే పనిచేస్తున్న మనిషి బొమ్మ ఒకటి, ఆ మనిషి తానుగా ఆగి మనవైపు చూసిన బొమ్మ ఇంకొకటి. మొదటిదాంట్లో అతను కూలీ. రెండోదాంట్లో అతను ఫలానా మనిషి. 35 ఎం.ఎం. కెమెరాను కంటికి ఆనించి పట్టుకుంటాం. మిరపచాలులో వంగి ఉన్న మనిషినీ, నేల మీద కూర్చుని కాయ ఏరుతున్న మనిషినీ నిలబడి తీస్తే లెన్సు పైనుంచి కిందికి చూస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని తీయవచ్చు, మంచి ఫొటోగ్రాఫర్లు అలాగే చేస్తారు. కానీ 36 బొమ్మలున్నాయన్న ధీమాలో వేలు ఆగదు. ఒకటి తర్వాత ఒకటి తీసేసి, ఏది బాగుందో తర్వాత ఇంట్లో కూర్చుని తేల్చుకుంటాం. ఆ తేల్చుకునే చోట ఫొటోలోని మనిషి లేడు.

రెండు కళ్ల కెమెరా పనిచేసే తీరు వేరు. జర్మనీలో 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్‌తో ఇది ప్రచారంలోకి వచ్చింది. తర్వాత జపాన్ యాషికాలు మన చిన్న పట్నాల స్టూడియోల్లో ఒక తరం పాటు పెళ్లిళ్లూ, పుట్టినరోజులూ తీశాయి. అందుకే ఇప్పటికీ ఎవరింటి బీరువాలోనో ఒకటి దొరుకుతుంది. పై లెన్సు చూడటానికి, కింది లెన్సు తీయడానికి. కెమెరా ఛాతీ దగ్గర ఉంటుంది, తీసేవాడు తలవంచి పైనున్న అద్దంలోకి చూస్తాడు. కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు లెన్సు వస్తుంది. నిలబడ్డ మనిషినైతే ఛాతీ ఎత్తు నుంచి చూస్తుంది, మనిషి కాస్త ఎత్తుగా, నిండుగా కనబడతాడు. ఎదుటివాడి ముఖం మీద మన చూపు గుచ్చుకోదు. అద్దంలో కుడిఎడమలు తారుమారుగా కనబడతాయి కాబట్టి కొత్తవాళ్లకు మొదట్లో తికమకగా ఉంటుంది, చేయి నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదే ఇక్కడ కావలసింది. లెన్సులోనే ఉండే షట్టర్ పెద్దగా చప్పుడు చేయదు. ఏ వేగంలోనైనా ఫ్లాష్‌తో కలుస్తుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం కనుబొమల నీడలో మునిగిన కళ్లను చిన్న ఫ్లాష్‌తోనే బయటికి తేవచ్చు. చెట్టు నీడ ఉంటే 400 స్పీడు ఫిల్ముకు సెకనులో 125వ వంతు, ఎఫ్8 చాలు. ట్రైపాడ్ అక్కర్లేదు. మనిషిని పిలిచి, రెండు మాటలు మాట్లాడి, మూడు నాలుగు బొమ్మలు తీసి పంపేయడానికి మంచినీళ్లు తాగే విరామం సరిపోతుంది.

పన్నెండు బొమ్మలన్న లెక్కలో ఇంకో మంచి ఉంది. మనవాళ్లు కెమెరా ముందు నిటారుగా, చేతులు కిందికి వదిలి, నవ్వకుండా నిలబడతారు. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఇన్నిచోట్ల ఫొటో దిగిన అనుభవం ఆ నిలుపు నేర్పింది. చాలామంది ఫొటోగ్రాఫర్లు దాన్ని బిగుసుకుపోవడం అనుకుని, మనిషిని మరిపించి సహజంగా తీయాలని చూస్తారు. నాకు మాత్రం ఆ నిలుపు ఆ మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటలా అనిపిస్తుంది. బట్టీలో పనిచేసేవాడు ఫొటో అనగానే ముందు ముఖం కడుక్కుంటాడు, చొక్కా మార్చుకుంటానంటాడు. ఫొటోగ్రాఫర్‌కు దుమ్ము కావాలి, అతనికి దుమ్ము లేని ముఖం కావాలి. ఇద్దరిదీ న్యాయమే. ఉన్నది ఒకే షీటైతే మన ఇష్టమే గెలుస్తుంది. 36 బొమ్మలుంటే రెండూ తీసి చివరికి మనకు నచ్చిందే పైకి తీస్తాం. పన్నెండులో ఇద్దరికీ చోటుంది. దుమ్ముతో రెండు, కడుక్కున్నాక రెండు. ప్రదర్శనలో ఆ రెంటినీ పక్కపక్కనే పెట్టండి. సున్నం ఆ ముఖానికి ఏం చేస్తుందో అప్పుడే తెలుస్తుంది, ఏం చేయలేకపోయిందో కూడా తెలుస్తుంది.

ఈ కెమెరాలో లోపాలు లేవని కాదు. పన్నెండు బొమ్మలకోసారి వీపు తెరవాలి. సున్నపు పొడి ఎగిరే చోట అది ప్రమాదమే, 35 ఎం.ఎం. వాడు మూడోవంతు సార్లే తెరుస్తాడు. గాలికి దూరంగా, గుడ్డసంచి లోపల పెట్టి మార్చుకోవాలి. చాలా వాటికి లెన్సు మారదు. ఒక మీటరు దూరంకన్నా దగ్గరికి వెళ్లడం కుదరదు కాబట్టి ముఖం ఒక్కటే చట్రం నిండా నింపలేం. ఇది నిజంగానే పెద్ద పరిమితి. అయినా సమాచారం చెప్పాల్సిన ముఖచిత్రానికి ఆ దూరం మంచిదే చేస్తుంది. భుజాలు, చేతులు, వెనక ఉన్న గుడారమో బట్టీయో కూడా చట్రంలోకి వస్తాయి. చదరంలో మనిషి చుట్టూ చోటు మిగులుతుంది. దయానితా సింగ్ చదరపు హాసెల్‌బ్లాడ్‌తో నగరాల కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే తీసిన ఫొటోల్లో ఆ చోటు ఎంత మాట్లాడుతుందో చూడవచ్చు. ఇక రంగు. సున్నానికి బ్లాక్ అండ్ వైట్ చాలు. మిరపకు చాలదు. పండిన కాయ ఎరుపూ, ఆకు పచ్చా బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద దాదాపు ఒకే బూడిదరంగులోకి దిగిపోతాయి. ఎర్ర ఫిల్టర్ పెడితే కాయ తెల్లబారుతుంది. ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే కాయతోపాటు మనిషి చర్మమూ ఇంకా నల్లబడుతుంది. కళ్లాల్లో ఆరబోసిన మిరప మధ్య కూర్చున్న మనిషిని తీయాలంటే 120లోనే కలర్ నెగటివ్ వాడుకోవాలి. దాన్ని కడగడానికి మాత్రం పెద్ద నగరాల ల్యాబులకు పంపక తప్పదు.

చివరగా, అందరి మనసులో ఉన్న అభ్యంతరం. ప్రతి చేతిలోనూ ఫోను ఉంది, ఆ కూలీ చేతిలో కూడా ఉంది, మళ్లీ ఈ ఫిల్ము గోల ఎందుకు? పైగా ఊటీలో 1960లో పెట్టి, ఇందు పేరుతో ఫిల్ము తయారుచేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడింది. ఇప్పుడు ప్రతి రోలూ విదేశాల నుంచే రావాలి, ధర మండిపోతోంది. ఇది న్యాయమైన ప్రశ్నే. ఫోనుతో గొప్ప ముఖచిత్రాలు రావని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. నేను ఫిల్ము వైపు మొగ్గేది నిలవ కోసం. ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. హైదరాబాద్ ఆరో నిజాం కొలువులో ఆయన తీసిన సంపన్నుల ముఖాలు మనం ఇవాళ చూడగలుగుతున్నది గాజు నెగటివ్‌లు మిగిలినందువల్లే. వాటిలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొని భద్రపరిచింది. నవాబుల ముఖాలకు నెగటివ్ ఉంది. బట్టీ కూలీ ముఖం ఎవరి ఫోనులోనో ఉండి, ఫోను మారినప్పుడు పోతుంది. తెలంగాణ పల్లెల్ని దశాబ్దాలు ఫొటోలు తీసిన భరత్ భూషణ్ 2022 జనవరిలో కన్నుమూసినప్పుడు, ఆ తరం ఫొటోగ్రాఫర్ల నెగటివ్‌ల సంగతేమిటన్న ప్రశ్న మన ముందుకొచ్చింది. ప్రశ్న అడగగలిగామంటే నెగటివ్ అనే వస్తువు ఉంది కాబట్టే. సరిగ్గా కడిగి, చీకట్లో, చల్లగా దాచిన బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌కు వందేళ్లు లెక్క కాదు. దాన్ని చదవడానికి వెలుతురు చాలు, పాస్‌వర్డు అక్కర్లేదు.

ధర విషయంలో ఒక్క సూచన. రోలుకు పన్నెండు బొమ్మలన్నప్పుడు ముగ్గురు మనుషులకే సరిపెట్టుకోండి, ఎక్కువమందిని తీయాలన్న ఆశ వద్దు. మిగిలిన డబ్బు ప్రింట్లకు ఉంచండి. చదరపు నెగటివ్ నుంచి ఎనిమిది అంగుళాల ప్రింటు చాలా శుభ్రంగా వస్తుంది. తీసిన ప్రతి మనిషికీ ఒకటి చేరాలి, వాళ్లు కోరుకున్న ముఖంతో ఉన్నదే చేరాలి. బట్టీ వాళ్లకైతే వ్యవధి ఉంటుంది, ఊళ్లోనే ఉంటారు. సుగ్గికి వచ్చినవాళ్లు కోతలు అయిపోగానే గుడారాలు ఎత్తేసి తమ ఊళ్లకు వెళ్లిపోతారు, ఏ ఊరో మేస్త్రీకి తప్ప ఇంకెవరికీ తెలియదు. కాబట్టి మిరపచేలలో తీయదలచినవాళ్లు ఫిబ్రవరిలోనే మొదలుపెట్టి, కలర్ రోలు నగరానికి వెళ్లి వచ్చే రోజులు కూడా లెక్కలో వేసుకుని, వాళ్లు బయల్దేరకముందే ప్రింట్లు పట్టుకుని చేనుకు వెళ్లేలా పని సర్దుకోండి.